నొప్పి తగ్గితే చాలనుకున్నాను

ఏళ్ల తరబడి పదో తరగతి పిల్లలకు బోర్డు మీద గుండె బొమ్మ గీసి పాఠం చెప్పినవాణ్ణి. ఎర్ర సుద్దముక్కతో ధమనులు, నీలం సుద్దముక్కతో సిరలు. ఒళ్లంతటికీ రక్తం పంపే గుండెకు తన కండరం కోసం వేరే రక్తనాళాలు ఉంటాయని, వాటిని కరోనరీ ధమనులు అంటారని, అవి సన్నబడితే కండరానికి ప్రాణవాయువు చాలక నొప్పి వస్తుందని, పూర్తిగా మూసుకుపోతే ఆ కండరం చచ్చిపోతుందని చెప్పేవాణ్ణి. పరీక్షల్లో రాయించేవాణ్ణి. తప్పు రాస్తే మార్కులు కోసేవాణ్ణి. అదే నొప్పి నా ఛాతీలోకి వచ్చినప్పుడు గ్యాస్ అనుకున్నాను.

రిటైరయ్యాక కోహీర్‌లో మా జామతోట పని నేనే చూసుకోవడం మొదలుపెట్టాను. మా ఊరి జామ గురించి చెప్పనక్కర్లేదు, ముంబై హైవే మీద కార్లు ఆపుకొని కొనుక్కుపోతారు. మా చలి సంగతి మాత్రం చెప్పాలి. చలికాలంలో రాష్ట్రంలో అతి తక్కువ ఉష్ణోగ్రత ఎక్కడ అని పేపర్ చూస్తే, తరచుగా కనిపించే పేర్లలో కోహీర్ ఒకటి. సముద్రమట్టానికి ఆరువందల మీటర్ల పైన ఉన్న ఎర్రనేల మాది. కాయ కోత జోరుగా సాగేది కూడా ఆ చలిలోనే. తెల్లవారకముందే తోటకు పోవాలి, ఎండ ఎక్కేలోగా గంపలు రోడ్డెక్కాలి.

ఆ చలిలో గంప భుజానికెత్తుకుని తోటలోంచి గట్టు ఎక్కుతుంటే ఛాతీ నడుమ ఎవరో అరచెయ్యి పెట్టి అదిమినట్టు అయ్యేది. ఎడమ భుజం బరువెక్కేది, ఒక్కోసారి దవడ లాగేది. నిలబడితే పోయేది, నడిస్తే మళ్లీ వచ్చేది. రాత్రి అన్నం తిన్న వెంటనే నడిచినా అంతే. ఓమ నమిలాను, సోడా తాగాను, జీలకర్ర నీళ్లు తాగాను. సోడా తాగేందుకు ఆగి కూర్చుంటాం కదా, ఆగినందుకు నొప్పి పోయేది. సోడా పనిచేసిందనుకునేవాణ్ణి.

విలియం హెబర్డెన్ అనే ఇంగ్లండు వైద్యుడు ఈ జబ్బును 1772లో అచ్చులోకి ఎక్కించాడు. నడుస్తున్నప్పుడు, అందులోనూ ఎత్తు ఎక్కుతున్నప్పుడు, తిన్న కాసేపటికి వస్తుందని, ఆగి నిలబడితే మాయమవుతుందని రాశాడు. కరోనరీ ధమనులకూ దీనికీ సంబంధం ఉందని ఆయనకు తెలియదు. ఈసీజీ అప్పటికి లేదు. రోగి చెప్పింది శ్రద్ధగా వినడం ఒక్కటే ఆయన చేతిలో ఉన్న పరికరం. రెండున్నర శతాబ్దాల కింద ఆయన పోల్చిన దాన్ని, నా ఒంట్లో ఉన్నదాన్ని, నేను పోల్చలేకపోయాను. పోల్చలేకపోవడం కూడా కాదు, పోల్చదలుచుకోలేదు. పోల్చితే కోత సీజన్లో దవాఖానల చుట్టూ తిరగాలి.

చివరికి మా ఇంటావిడ పట్టుబడితే జహీరాబాద్‌లో ఒక డాక్టరు దగ్గరికి పోయాను. ఈసీజీ మామూలుగానే వచ్చింది. అప్పుడే లేచి వచ్చేద్దామనుకున్నాను. ఆయన కూర్చోబెట్టి చెప్పాడు: మీరు పడుకొని ఉన్నప్పుడు తీసిన ఈసీజీ ఇది, మీకు నొప్పి వచ్చేది గట్టు ఎక్కేటప్పుడు, కాబట్టి ఇది బాగుందని జబ్బు లేనట్టు కాదు, హైదరాబాద్ పోయి యాంజియోగ్రాం చేయించుకోండి. ఈలోగా మందులు రాశాడు. ఆస్పిరిన్ చిన్న మోతాదు, కొవ్వు తగ్గించే స్టాటిన్, గుండె వేగం తగ్గించే మాత్ర, పొద్దున ఒకటి వేసుకునే మోనోనైట్రేట్, నొప్పి వచ్చినప్పుడు నాలుక కింద పెట్టుకోవడానికి సార్బిట్రేట్ ఐదు మిల్లీగ్రాములు. ప్రతిదీ ఎందుకో విడమరిచి చెప్పాడు. ఆయన చెప్పడంలో లోపం ఏమీ లేదు.

సార్బిట్రేట్‌ను మొదట్లో మింగాను. హైవే పక్కన నలుగురు కొనేవాళ్ల ముందు నోరు తెరిచి నాలుక కింద గోలీ పెట్టుకోవడం నామోషీ అనిపించింది. గుండె జబ్బు సార్ అని ఊరంతా పాకుతుందని భయం. నీళ్ల బాటిల్ ఎత్తి మింగేసేవాణ్ణి. మింగిన మాత్ర పేగుల్లోంచి నేరుగా కాలేయానికి పోతుంది, కాలేయం దాన్ని చాలావరకు అక్కడే విరిచేస్తుంది. మిగిలింది రక్తంలో కలవడానికి కూడా సమయం పడుతుంది. నాలుక కింద పలుచని పొర, దాని కిందే రక్తనాళాలు. అక్కడ కరిగితే కాలేయం దారి తప్పించుకొని కొద్ది నిమిషాల్లో పనిచేస్తుంది. కాలేయం పాఠం కూడా నేనే చెప్పేవాణ్ణి. పేగుల్లోంచి వచ్చే రక్తం ముందు కాలేయానికే పోతుందని బొమ్మ వేసి బాణం గుర్తు పెట్టేవాణ్ణి.

తరవాత ఒకరోజు ఎవరూ లేనప్పుడు నాలుక కింద పెట్టాను. నొప్పి నిమిషాల్లో పోయింది. దాని వెంటే తల పగిలిపోయేంత నొప్పి వచ్చింది, ముఖం వేడెక్కింది, లేచి నిలబడితే కళ్లు బైర్లు కమ్మాయి. ఈ మందు నాకు పడదని తీర్మానించి స్ట్రిప్పు అలమారాలో పడేశాను. డాక్టరుకు ఫోన్ చేసి ఒక్కమాట అడిగి ఉంటే చెప్పేవాడు, ఆ తలనొప్పి మందు పడనందుకు కాదు, పనిచేస్తున్నందుకు అని. గుండెకు వచ్చే నాళాలను వదులు చేసే మందు తలలో నాళాలను కూడా వదులు చేస్తుంది. చాలామందికి కొద్ది రోజుల్లో ఒళ్లు అలవాటు పడుతుంది, అప్పటిదాకా డాక్టరు చెబితే పారాసిటమాల్ వేసుకోవచ్చు. మాత్ర పెట్టుకునేటప్పుడు కూర్చోవాలి, బీపీ పడిపోతుంది కాబట్టి నిలబడకూడదు. ఇవన్నీ నేను ఆలస్యంగా నేర్చుకున్నాను.

సార్బిట్రేట్, మోనోనైట్రేట్ రెండూ నైట్రోగ్లిజరిన్ కుటుంబంలోని నైట్రేట్ మందులే, ఆ తలనొప్పికి పెద్ద చరిత్రే ఉంది. ఇటలీ రసాయన శాస్త్రవేత్త అస్కానియో సోబ్రెరో 1847లో నైట్రోగ్లిజరిన్ తయారుచేసి కొంచెం నాలుక మీద వేసుకుంటే విపరీతమైన తలనొప్పి వచ్చింది. అదే పదార్థంతో ఆల్ఫ్రెడ్ నోబెల్ 1867లో డైనమైట్‌కు పేటెంట్ తీసుకున్నాడు. అదే ఏడాది స్కాట్లండు వైద్యుడు లాడర్ బ్రంటన్, దీనికి దగ్గరి చుట్టమైన అమైల్ నైట్రైట్ వాసన పీల్చితే గుండెనొప్పి తగ్గుతోందని రాశాడు. 1879లో విలియం మరెల్ లండన్‌లో నైట్రోగ్లిజరిన్‌నే పలుచన చేసి రోగులకు ఇచ్చి ఫలితాలు ప్రకటించాడు. ముందు తన మీదే వేసుకొని చూశాడాయన, ఆ తలనొప్పి ఆయనకూ తెలుసు. 1896లో, చనిపోవడానికి కొద్ది వారాల ముందు, నోబెల్‌కు కూడా గుండెజబ్బుకు డాక్టర్లు నైట్రోగ్లిజరినే రాశారు. తనకు నైట్రోగ్లిజరిన్‌నే లోపలికి తీసుకొమ్మని రాయడం విధి ఎగతాళి కాదా అని ఆయన తన సహచరుడికి ఉత్తరంలో రాసుకున్నాడు.

మా వైపు బావులు తవ్వేటప్పుడు రాయి అడ్డం పడితే తూటాలు పెట్టి పేల్చడం చిన్నప్పటి నుంచి చూసినవాణ్ణి. ఈ సంగతి చదివినప్పుడు నాకు భయం వేయలేదు, గౌరవం కలిగింది. మరెల్ తలనొప్పి భరించి రోగికి ఎంత మోతాదు సరిపోతుందో తేల్చాడు. నేను ఒక్కపూట భరించలేక స్ట్రిప్పు అలమారాలో పెట్టాను.

గట్టు ఎక్కలేని రోజు వచ్చాక మళ్లీ తీశాను. తలనొప్పి క్రమంగా తగ్గింది. ఆ తరవాతే అసలు తెలివితక్కువతనం మొదలైంది.

గట్టు ఎక్కే ముందు ఒకటి నాలుక కింద పెట్టుకొని కూర్చుంటే ఎక్కేటప్పుడు నొప్పి రావడం లేదని కనిపెట్టాను. అలా ముందుగా వాడడం తప్పేమీ కాదు, డాక్టర్లే చెబుతారు. నేను దాన్ని రెండు గంపలు ఎక్కువ మోయడానికి వాడుకున్నాను. నొప్పి లేదు కాబట్టి జబ్బు తగ్గుముఖం పట్టిందని నమ్మాను. హైదరాబాద్ ప్రయాణం సంక్రాంతి తరవాతకు వాయిదా వేశాను. ఇంకో పని కూడా చేశాను. ఆస్పిరిన్, స్టాటిన్ మానేశాను. ఆస్పిరిన్ వేస్తే కడుపులో కాస్త మంట అనిపించేది, స్టాటిన్ వేసినా వేయకపోయినా ఒంట్లో ఏ తేడా తెలిసేది కాదు. తేడా తెలిసే మందు ఒకటే, సార్బిట్రేట్. కాబట్టి అదే మందు, మిగతావి డాక్టర్ల అలవాటు అనుకున్నాను.

ఇక్కడే నేను పూర్తిగా తలకిందులుగా అర్థం చేసుకున్నాను. నైట్రేట్ ఒంట్లోకి పోయాక నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు పుడుతుంది. అది రక్తనాళాల గోడల్లోని కండరాన్ని వదులు చేస్తుంది. నైట్రేట్ల నుంచి ఈ వాయువు పుడుతుందని శాస్త్రవేత్త ఫెరీద్ మురాద్ 1977లో కనిపెట్టాడు, 1998లో ఆయనకూ ఫర్చ్‌గాట్, ఇగ్నారోలకూ కలిపి ఇచ్చిన వైద్యశాస్త్ర బహుమతి నోబెల్ పేరు మీదే ఉంది. ఈ వదులు ఎక్కువగా సిరల్లో జరుగుతుంది. రక్తం సిరల్లో కొంత నిలిచి, గుండెకు తిరిగి వచ్చేది తగ్గుతుంది. తడపాల్సిన మడులు తగ్గిస్తే మోటారు మీద భారం తగ్గినట్టు, గుండెకు పని తగ్గుతుంది, దానికి కావలసిన ప్రాణవాయువూ తగ్గుతుంది. కరోనరీ ధమనులు కూడా కొంత వెడల్పవుతాయి. నొప్పి పోతుంది. ధమని గోడలో పేరుకున్న కొవ్వు మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. దాని మీద పగులు వచ్చి రక్తం గడ్డకడితే ఆపే శక్తి ఈ మాత్రకు లేదు.

1995లో ప్రకటించిన ఐసిస్-4 అనే పెద్ద పరీక్షలో, గుండెపోటు వచ్చిందని అనుమానించిన 58 వేల మందికి పైగా రోగుల మీద మోనోనైట్రేట్‌ను కూడా పరీక్షించారు. మరణాలను అది చెప్పుకోదగ్గంతగా తగ్గించలేదు. అంతకు ముందు 1988 నాటి ఐసిస్-2లో 17 వేల మందికి పైగా పాల్గొంటే, ఆస్పిరిన్ వేసుకున్నవాళ్లలో మరణాలు దాదాపు పావు వంతు తగ్గాయి. ఒంట్లో ఏ తేడా తెలియని ఆ చిన్న మాత్ర ప్రాణం కాపాడుతుంది. వేసిన క్షణంలో హాయినిచ్చే మాత్ర బాధ తీర్చి మనల్ని నడవనిస్తుంది. రెండూ కావాలి, దేని పని దానిది. నేను హాయినిచ్చేదాన్ని ఉంచుకొని కాపాడేదాన్ని మానేశాను. చేత్తో తాకి చూసిన దాన్ని మాత్రమే నమ్మకండి, కంటికి కనిపించని సూక్ష్మజీవులు కూడా ఉంటాయి అని పిల్లలకు చెప్పిన నోరే ఇది.

మోనోనైట్రేట్ విషయంలోనూ సొంత వైద్యం చేసుకున్నాను. పొద్దున ఒకటే అని రాసిచ్చారు. రాత్రి నిద్రలో ఏమన్నా అవుతుందన్న భయంతో పడుకునే ముందు ఇంకొకటి వేసుకోవడం మొదలుపెట్టాను. నైట్రేట్ రోజంతా రక్తంలో ఉంటే నాళాలు దానికి స్పందించడం మానేస్తాయి. అందుకే ఇరవై నాలుగు గంటల్లో పది పన్నెండు గంటలు ఒంట్లో అది లేకుండా చూస్తారు. పాత కాలపు డైనమైట్ ఫ్యాక్టరీల్లో కార్మికులకు సోమవారం తలనొప్పి వచ్చేది, వారం గడిచేకొద్దీ తగ్గేది, ఆదివారం సెలవు గడిచాక సోమవారం మళ్లీ వచ్చేది. ఒళ్లు మందుకు అలవాటు పడటం, సెలవులో ఆ అలవాటు పోవడం అందులో కనిపిస్తుంది. నాకు కూడా తలనొప్పి పూర్తిగా పోయింది, నేను సంతోషించాను. దాంతోపాటు నాలుక కింద పెట్టుకున్న మాత్ర పట్టు కూడా సడలిందని గమనించలేదు. ఒకటితో పోయే నొప్పికి రెండు కావలసి వస్తే మాత్రలు నకిలీవేమో అని షాపులో తగువు పెట్టుకున్నాను.

ఇంతవరకు చేసింది నా ఒంటికి చేసుకున్నది. పక్క తోట కాకాకు చేసింది చెప్పడానికే ఇది రాయడం మొదలుపెట్టాను.

ఒక మధ్యాహ్నం ఆయన మా కంచె దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. "సారూ, పొద్దటి నుంచి పాణం మంచిగ లేదు. ఛాతిల ఏదో లెక్క అయితుంది, కండ్లు తిరుగుతున్నయ్" అన్నాడు. ముఖాన చెమట. బీపీ చూడాలన్న ఆలోచన రాలేదు. ఏ మందులు వాడుతున్నావని అడగలేదు. ఈ జబ్బు నాకు తెలుసు, దీనికి మందు నా జేబులోనే ఉంది అన్న ధీమా. స్ట్రిప్పు తీసి, "నాలిక కింద పెట్టు కాకా, ఐదు నిమిషాలల్ల తగ్గుతది" అన్నాను. పెట్టుకున్నాడు. నీళ్లు తాగుతానని లేచాడు, లేచినవాడు లేచినట్టే కుప్పకూలాడు. గట్టు రాయికి తల తగిలి చెవి పైన చీరుకుపోయింది. కాళ్లు ఎత్తిపట్టి పడుకోబెడితే కాసేపటికి కళ్లు తెరిచాడు. ఆయన కొడుకు బండి మీద దవాఖానకు తీసుకుపోయి కుట్లు వేయించాడు. ఎలా పడ్డాడని అక్కడ అడిగితే, ఎండకు కళ్లు తిరిగి పడ్డాడని నేనే చెప్పాను. మాత్ర ఇచ్చిన మాట చెప్పలేదు. డాక్టరుకు అత్యవసరంగా తెలియాల్సిన ఒకే ఒక్క సంగతి అది.

బీపీ పై అంకె 90 కంటే తక్కువ ఉన్నవాళ్లకు నైట్రేట్ ఇవ్వకూడదు. గుండె కుడివైపు దెబ్బతిన్న గుండెపోటులో ఇస్తే రక్తపోటు ఒక్కసారిగా కూలిపోతుంది. సిల్డెనాఫిల్ వేసుకున్నవాళ్లకు ఒక రోజు, టడాలఫిల్ అయితే రెండు రోజులు దీని జోలికి పోకూడదు, ప్రాణం మీదికి వస్తుంది. ఆ మాత్రలు వేసుకున్న సంగతి మన ఊళ్లలో మగవాళ్లు భార్యకు చెప్పరు, డాక్టరుకూ చెప్పరు, పక్క తోట సారుకు చెబుతారా? కాబట్టి జేబులో మాత్ర ఉన్న ప్రతివాడూ వైద్యుడు కాదు. ఈ మాట నేను నా చేతిలో పడిన మనిషిని చూశాక కూడా వెంటనే ఒప్పుకోలేదు.

సంక్రాంతికి కొద్ది రోజుల ముందు, తెల్లవారుజామున, ఏ గంపా మోయకుండా మంచం మీద ఉండగానే నొప్పి వచ్చింది. చలి ఎముకలు కొరుకుతోంది. ఒకటి పెట్టుకున్నాను, తగ్గలేదు. ఇంకొకటి. తగ్గలేదు. మూడోది కూడా పెట్టుకొని, తగ్గుతుందిలే, తెల్లారాక చూద్దాం అని గోడకు ఆనుకున్నాను. మొదటి మాత్రకు ఐదు నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోన్ చేయమని డాక్టరు చెప్పిన మాట గుర్తుంది. గుర్తుండి కూడా ఆగాను. మా ఇంటావిడ లేచి లైటు వేసి నా ముఖం చూసింది. "చెమటలు గిట్ల కారుతున్నయి, ఇంకా సూద్దాం సూద్దాం అంటరేంది? నేనింక మీ మాట ఇనను" అని తనే ఫోన్ కలిపింది.

అంబులెన్స్‌లో వచ్చిన అబ్బాయి మొదట అడిగింది, ఏం గోలీలు వేసుకున్నారు, ఎన్ని, ఎప్పుడు అని. బీపీ చూసి, ఇక నాలుక కింద ఏమీ పెట్టుకోవద్దన్నాడు. ఆస్పిరిన్ ఇచ్చి నమలమన్నాడు. నేను మానేసిన మందే. దవాఖానలో ఈసీజీ తీసి, గుండెపోటని చెప్పి, గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చారు. అక్కడి నుంచి హైదరాబాద్, యాంజియోగ్రాం, స్టెంట్. గుండె ముందు గోడకు రక్తం ఇచ్చే పెద్ద ధమనిలో అడ్డు. ఎకోలో పంపింగ్ 40 శాతం అని తేలింది, మామూలుగా 55కి పైన ఉండాలి. ఆ ముందు గోడలో కొంత భాగం ఇక కదలదు. చీకట్లో గోడకు ఆనుకొని నేను వృథా చేసిన సమయంలో ఎంత కండరం పోయిందో ఎవరూ లెక్కకట్టి చెప్పలేరు, నేను మాత్రం రోజూ ఆలోచిస్తాను.

ఇప్పుడు గట్టు ఎక్కే పని వేరేవాళ్లది. సార్బిట్రేట్ జేబులోనే ఉంటుంది, స్ట్రిప్పు మీద గడువు తేదీ ఉన్న ముక్క కత్తిరించకుండా తీసుకుంటున్నాను. రాత్రి మోనోనైట్రేట్ మానేశాక నాలుక కింద మాత్ర మళ్లీ పట్టు చూపిస్తోంది, తలనొప్పి కూడా కాస్త తిరిగి వచ్చింది. ఆస్పిరిన్, స్టాటిన్ వేసుకున్నానా లేదా అని మా ఇంటావిడ అడగదు, స్ట్రిప్పు తీసి లెక్క చూస్తుంది. ఆమెకు నా మాట మీద నమ్మకం పోయింది. పోవడం న్యాయమే.

నడవగలిగాక మొదట కాకా ఇంటికి పోయాను. ఆయన కొడుకును కూడా కూర్చోమని, ఆ రోజు ఎండకు పడలేదు కాకా, నేనిచ్చిన గోలీకి పడ్డవు అని చెప్పాను. దవాఖానలో అబద్ధం చెప్పానని కూడా చెప్పాను. కొడుకు ముఖం ఎర్రబడింది, ఏదో అనబోయాడు. కాకా చేత్తో ఆపి, లోపలికి పోయి తన మందుల డబ్బా తెచ్చి నా ముందు పెట్టాడు. బీపీకి రెండు రకాలు, మూత్రం సాఫీగా రావడానికి టామ్సులోసిన్ ఒకటి. ఆ మూడోది కూడా నిలబడగానే బీపీ పడేసే మందే. మూడింటి మీద నా నైట్రేట్ పడింది. "మరి ఆ దినం ఛాతిల అయింది ఏంది సారూ?" అని అడిగాడు. నాకు తెలియదన్నాను. మరుసటి వారం ఆ డబ్బా సంచిలో వేసుకొని, ఆయన, కొడుకు, నేను జహీరాబాద్ పోయాం. ఆ మధ్యాహ్నం జరిగింది దాచకుండా డాక్టరుకు నేనే చెప్పాను. ఆయన రాసుకొని, కాకాను ట్రెడ్‌మిల్ పరీక్షకు పంపాడు.